నేల, రంగు, సంకల్పం

ప్రకృతి దృశ్యాన్ని చిత్రించడం ఆరాధన అవుతుందా? గోదావరి తీరాన ఈ ప్రశ్నకు జవాబు పూజావిధిలోనే ఉంది. సంకల్పం చెప్పుకునేవాడు కోరిక కంటే ముందు తానెక్కడ నిలబడ్డాడో చెబుతాడు: ఏ ద్వీపం, ఏ ఖండం, ఏ కొండకు ఏ దిక్కు, ఏ నదుల మధ్య. దేవుణ్ణి పిలిచే ముందు నేలను గుర్తుచేసుకోవడం అది. మాటలతో గీసిన దృశ్యచిత్రమనవచ్చు.

రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) ఆ పని రంగులతో చేశారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, సొంత ఊరికి తిరిగొచ్చారు. పురాణ ఘట్టాలతో పాటు గోదావరినీ గీశారు. నదిని దేవతగా, కిరీటం పెట్టి చూపనక్కర్లేదు. నీరు నీరుగా ఉన్నా పవిత్రమే.

నేలతో బంధం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అమెరికాలోని చికానో (మెక్సికన్ మూలాలున్న) చిత్రకారులకు నేల చేజారిన పూర్వీకుల సొత్తు. అజ్ట్‌లాన్ అనే పేరుతో దాన్ని తలచుకుంటారు. గోదావరి తీరంలోని నర్సరీల ఊరు కడియం సంగతి వేరు. ఇక్కడి పచ్చదనం చాలావరకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువల చలవ. నర్సరీల్లో కూలీలు మట్టి, పశువుల ఎరువు కలిపి సంచుల్లోకి ఎత్తి, ఒక్కో అంటు నిలబెడతారు. మనిషి చేయి పడిన నేల పవిత్రత తగ్గదు. తగ్గుతుందనే వాదన నిలవదు కూడా, ఎందుకంటే ఆ కాలువల నీళ్లనూ ఇక్కడివారు గోదారమ్మ నీళ్లనే అంటారు. అయితే ఆ మట్టి మోసే చేతులు దృశ్యచిత్రాల్లో అరుదు. అది లోపమే.

రామారావు మశూచితో 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నాయి.