చీపురు పెట్టుకునే చోటు

నాకు ఖాళీ గోడలంటే ఇష్టం. ప్లాస్టరింగు చేయని కాంక్రీటు, నేల దాకా దిగే అద్దాల కిటికీలు, సామాను తక్కువగా ఉన్న గదులు బాగుంటాయనిపిస్తుంది. ఎవరిష్టం వాళ్లది, దానికి సంజాయిషీ ఎందుకు అని అడగొచ్చు. చీర రంగు విషయంలో ఆ మాట చెల్లుతుంది. ఇంటి విషయంలో చెల్లుతుందా? ఇంటి అందం ఒకసారి కడితే నిలిచిపోయేది కాదు. రోజూ ఎవరో ఒకరు ఊడ్చి, తుడిచి, సర్ది దాన్ని నిలబెట్టాలి. ఆ ‘ఎవరో’ ఎవరన్నదే నా ప్రశ్న.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని ప్లేనో దగ్గర, ఫాక్స్ నది ఒడ్డున ఒక అద్దాల ఇల్లుంది. షికాగో డాక్టర్ ఎడిత్ ఫార్న్స్‌వర్త్ సెలవు రోజుల్లో ఉండటానికి ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో చేత కట్టించుకుంది. 1951లో పూర్తయింది. ఎనిమిది ఉక్కు స్తంభాల మీద గాలిలో తేలుతున్నట్టుండే ఆ ఇంటిని ఆధునిక వాస్తుకళకి గొప్ప ఉదాహరణగా చూపిస్తారు. సంపాదన, స్వేచ్ఛ, అభిరుచి అన్నీ ఉన్న స్త్రీ ఆమె. ఆర్కిటెక్ట్‌ని తనే ఎంచుకుంది. అయినా సింకు కింద చెత్తబుట్ట కూడా పెట్టుకోలేకపోతున్నానని 1953లో ఒక పత్రికకి చెప్పింది. బుట్ట పెడితే దారిన వచ్చేవాళ్లకి కనిపించి ఇంటి అందం చెడుతుందట! ఖర్చుల దగ్గర మొదలైన తగాదా కోర్టుకెక్కింది. ఆమె ఫిర్యాదుల్ని ప్రేమ విఫలమైన స్త్రీ అక్కసుగా చెప్పుకున్నవాళ్లున్నారు. చెత్తబుట్ట సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

అందం కాకుండా శ్రమని లెక్కలోకి తీసుకుంటే సరిపోతుందా? ఆ ప్రయత్నమూ జరిగింది, అదీ ఒక స్త్రీ చేతుల మీదుగా. 1926లో మార్గరెట్ షూటె-లిహోట్స్కీ జర్మనీలో ‘ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది’ని రూపొందించింది. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో, చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో లెక్కగట్టి అన్నీ దగ్గరగా అమర్చింది. శ్రామికుల ఇళ్లలో అలాంటివి సుమారు పదివేలు కట్టారు. అడుగులు తగ్గాయి. కానీ దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న ఆ గదిలో రెండో మనిషికి చోటు లేదు. స్త్రీని ఒంటరిగా వంటగదిలో బంధించిందని 1970లలో స్త్రీవాదులు దాన్ని విమర్శించారు. పని తేలికవడం వేరు, పని పంచుకోవడం వేరు.

ఇప్పుడు మన ఫ్లాట్ల ప్లాన్లు చూడండి. ‘ఓపెన్ కిచెన్’ వచ్చి వంటింటి గోడని కూల్చేసింది. వండుతూనే అందరితో మాట్లాడొచ్చన్న మాట నిజమే. కానీ హాల్లోకి కనిపించే గట్టు ఎప్పుడూ అద్దంలా మెరవాలి. పోపు ఘాటు సోఫా దాకా వస్తే అదీ ఆమె తప్పే. ఇంతకీ అంట్లు ఎక్కడికి పోయాయి? వెనకున్న ఇరుకు ‘యుటిలిటీ’లోకి. అక్కడ వాషింగ్ మెషీనుకీ గ్రిల్లుకీ మధ్య ఇంకో స్త్రీ ఒదిగి కూర్చుని గిన్నెలు తోముతుంది. ముందున్న విశాలత్వం ఆ ఇరుకు మీదే నిలబడి ఉంది. గోడ నిజంగా కూలలేదు. రెండడుగులు వెనక్కి జరిగి, ఇద్దరు స్త్రీల మధ్య నిలబడింది.

అందుకని అందాన్ని వదులుకోమనను. శ్రమ చేసేవాళ్లు అందాన్ని కోరుకోకూడదనడం ఇంకో అన్యాయం. ఖాళీ గోడలంటే నాకిప్పటికీ ఇష్టమే. అయితే ‘నాకు నచ్చింది’ అన్న మాటతో చర్చ ముగియదంటాను. ప్లాను ముందు పెట్టుకున్నప్పుడు కొన్ని ప్రశ్నలు వెయ్యాలి. ఆ అద్దాలు తుడిచేది ఎవరు? వంటగట్టు దగ్గర ఇద్దరు నిలబడగలరా? గిన్నెలు తోమే ఆమె నడుము వంచకుండా పని చేసుకోగలదా? ఆమె వాడుకోవడానికి బాత్రూమ్ ఏది? ఇంటావిడకి తలుపేసుకుని కూర్చునే గది ఒకటైనా ఉందా? చీపురు ఎక్కడ పెడతారు?

వీటికి జవాబున్న ఇల్లు అందంగా ఉండదని ఎవరన్నారు? అలాంటి ఇళ్లని మనమింకా ఎక్కువగా చూడలేదు, అంతే.