మోసపోవుట దోషమా?

నమ్మకము సంఘజీవనమునకు మూలధనము. ఒకరి మాట నొకరు నమ్మనిచో అంగడి సాగదు, అప్పు పుట్టదు, ఇరుగుపొరుగు నిలువదు. అట్టి నమ్మకమునే పెట్టుబడిగా జేసికొని చౌర్యము సాగించువారు నేడు బయలుదేరినారు.

యానామునందలి మెట్టకూరు వంటి ఊరిని తలచుడు. చుట్టును ఆంధ్రదేశము, 1954లో ఫ్రెంచివారు విడిచిపోయిన పిదప పాలన దూరముననున్న పుదుచ్చేరిది. ఇట్టి చోట్ల పిల్లలు ఉద్యోగార్థము పరస్థలములకు బోగా, వృద్ధులగు తల్లిదండ్రులు చేతిఫోనుతోనే పనులు చక్కబెట్టుకొనుచుందురు. గ్యాసుబండ రాలేదు, లేదా పంపిన సొమ్ము చేరలేదు. వారు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెదకుదురు. మోసగాడు అచ్చట ముందే తన నంబరు నుంచియుండును. "చెప్పండమ్మా, ఏమిటి సమస్య?" యని తెలుగున బలికెనా, మనవంటివారికి మనసు కరగును గదా! వానికి గావలసినది ఆ కరుగుటయే.

పిమ్మట వాడు 'ఎనీడెస్క్' వంటి యాప్ దింపుకొమ్మనును. దానివలన మన ఫోను తెర వానికి గనబడును. ఈ విషయమై రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించినది. లేనిచో, సొమ్ము తిరిగి వచ్చుటకు పిన్ నొక్కుమనును. యు.పి.ఐ.లో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు, ఇచ్చుటకే కావలెను. ఈ యొక్క సూత్రము తెలిసినను పెక్కు మోసములు తప్పును.

ఇక ధర్మప్రశ్న. మోసపోయినవాడు దోషియా? నమ్ముట గుణము, విచారింపక నమ్ముట ఏమరుపాటు, నమ్మినవానిని దోచుట నేరము. ఈ మూటిని ఒక్క త్రాసున దూచుట న్యాయము గాదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము, 66-డి సెక్షను క్రింద, కంప్యూటరు సాధనముతో మరియొకనివలె నటించి వంచించినవానికి మూడేండ్లవరకు ఖైదు విధించినది; నమ్మినవానికి గాదు.

అట్లయిన ఏమరుపాటునకు ఫలము లేదా? కలదు. రహస్య సంఖ్యలు తానే తెలిపినవాడు, బ్యాంకునకు ఫిర్యాదు చేయువరకు గలిగిన నష్టమును తానే భరింపవలెననియు, ఆ పిదప గలుగు నష్టము బ్యాంకుదే యనియు రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన చేసినది. ఇందొక నీతి గలదు. నమ్మిన క్షణముకంటె, సిగ్గుతో మౌనము వహించిన గడియయే ఎక్కువ చేటు తెచ్చును. ఆ సిగ్గును పుట్టించునది ఎవరు? "ఇంత చదివి ఎట్లు నమ్మితివి?" అని నిలదీయు మన మాటయే. దొంగకు దెలియకనే మన మిట్లు వానికి సహాయులమగుచున్నాము.

కావున కర్తవ్యము రెండు విధములు. నంబరు కావలసినచో పాసుపుస్తకముపైననో, కార్డు వెనుకనో, సంస్థవారి రసీదుపైననో చూడవలెను. మోసము జరిగినచో ఫోనునకు ఇంటర్నెట్టు తెంచి, వెంటనే 1930కిని బ్యాంకునకును దెలుపవలెను. ఇంటివారు మొదట ఫిర్యాదు చేయించి, పిదప ఓదార్చవలెను, మందలింపు అక్కరలేదు. పెద్దలు నిర్భయముగా "నేను మోసపోతిని" అని చెప్పగల యింట దొంగకు గడువు చిక్కదు.