కుడివైపు దేశం

ప్రదక్షిణకు మూల నియమం ఒకటే: దైవం కుడివైపు ఉండాలి. సింగరాయకొండ దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి బుల్లెట్‌ను నెల్లూరు వైపు తిప్పితే సముద్రం ఎడమ పక్కన, దేశం కుడి పక్కన ఉంటాయి. కన్యాకుమారి, కచ్, కశ్మీరు, అస్సాం మీదుగా ఒంటరిగా చుట్టి వచ్చేదాకా నేను ఆ వరస తప్పలేదు.

"అమ్మానాన్నల చుట్టూ తిరిగే వినాయకుడు గెలిచాడు గదరా, నీకెందుకింత తిరుగుడు?" అన్నారు మా పెదనాన్న. న్యాయమైన ప్రశ్నే. కానీ మా ఊరి నరసింహస్వామి కథ ఇంకో మాట చెబుతుంది. ఇంటా బయటా కాని గడప మీద, పగలూ రాత్రీ కాని సంధ్యవేళ ఆయన హిరణ్యకశిపుణ్ణి చంపాడు. అంచు కూడా దైవం నిలిచే చోటే.

1830లో ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి కాశీకి పెద్ద పరివారంతో కదిలాడు. ఒంటరివాడికి దారిలోని మనుషులే పరివారం. కచ్‌లో మంచినీళ్లిచ్చిన ముసలమ్మనూ, అస్సాంలో చీకటిపడ్డాక పంక్చరు వేసిన కుర్రాణ్ణీ కులమతాలు అడగాలని నాకు తోచలేదు.

గుడి చుట్టూ తిరిగితే గర్భగుడిలోని మూర్తి మీద భక్తి పెరగాలి. దేశం చుట్టూ తిరిగితే దేశంలోని మనుషుల మీద పెరగాలి. పెరగకపోతే అది ప్రయాణమే, ప్రదక్షిణ కాదు.