పుట్టుబంధం

మా అక్కది బరంపురం, నాది హోసూరు. ఒక కడుపున పుట్టినవాళ్లం, బంధం ఎక్కడికి పోతుందిలే అనుకుని రెండేళ్లుగా ఆమెతో మాట్లాడలేదు.

మొన్న ఆమె కొడుకు వచ్చాడు. భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నగా సాగదీసిన గాజుపోగులోకి లేజర్ కాంతిని పంపుతారట. ఎప్పుడో ఒకసారి అందులోని రెండు కాంతికణాలు మాయమై, వాటికి బదులు వేరే రెండు పుడతాయి. ఒకదాని శక్తి ఎక్కువ, రెండోదానిది తక్కువ. రెండూ కలిపితే మాత్రం పాత లెక్కే. పోగు సన్నబడితే, ఒక హద్దువరకు, కాంతి ఇరుకున పడి జంటలు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఆ తరువాత వాటిని విడదీసి చెరో దారిన పంపినా పొత్తు చెడదు.

"చూశావా, దూరం బంధాన్నేమీ చెయ్యలేదు" అన్నాను సంబరంగా.

వాడు నవ్వాడు. "అవి ఒకదానికొకటి కబురు పంపుకోవు మామయ్యా. ఇలాంటి జంటల మీద ప్రయోగాలకే 2022లో ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అంత గట్టి పొత్తుతోనూ ఒక్క మాట చేరవెయ్యలేం. ఒక చోటే కూర్చుంటే ఎప్పుడు పడతాయో తెలియని కణాలే కనిపిస్తాయి. పైగా 1928లో రామన్ కనుగొన్న ప్రభావం వల్ల జంటలేని కణాలూ వచ్చి కలుస్తాయి. రెండు చోట్ల రాసుకున్న వేళలు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది దేనికి జంటో తేలుతుంది."

కాసేపాగి, "అమ్మకు కంటి ఆపరేషన్ అయి ఆరు నెలలయింది" అన్నాడు. నాకు తెలియదు.

అప్పటినుంచి ఒకటే ప్రశ్న. బంధం పుట్టుకలో ఉందా, పట్టించుకోవడంలో ఉందా? పుట్టుక పొత్తునిస్తుంది, నిజమే. కాని ఆ పొత్తు నాకు అక్క సంగతి చెప్పలేదు. కాంతికణం కబురు పంపలేదు గనుక దానికి తప్పు లేదు. పంపగలిగి ఊరుకున్న నాకు ఆ సాకు లేదు.

ఎల్లలకు ఇవతల ఉన్న మనం "ఎక్కడున్నా తెలుగువాళ్లమే" అని తరచు అనుకుంటాం. ఆ మాట అబద్ధం కాదు. అయితే అది ఒక వైపు లెక్క మాత్రమే. బళ్లారిలో, యానాంలో, మన పక్క వీధిలో ఉన్నవాళ్ల లెక్క దాని పక్కన పెట్టి చూసి ఎన్నాళ్లయింది?

ఆ రాత్రే అక్కకు ఫోను చేశాను. "ఎవరూ?" అంది.