నిలువ యుంచరాని విత్తనము

ధ్యాన భాగము: మార్కు 4:26–29, హెబ్రీ 3:12–15



వాక్కాయను ఎరుగని ఇల్లు మనలో లేదు. పచ్చికాయలను పప్పులో వేసికొందుము, పచ్చడి పట్టుదుము. పండి నల్లబడిన పండ్లను పిల్లలు ఏరుకొని తిందురు. ముండ్ల పొద గనుక పెద్దలు దానిని దొడ్డికి కంచెగా వేసిరి.

ఒక ఆగస్టు నెలలో మేము ఏలూరునుండి పండిన వాక్కాయలు తెచ్చి, గింజలు తీసి, బాగుగా ఎండబెట్టి, పొట్లము కట్టి అటకమీద పెట్టితిమి. తీరికయైనప్పుడు నాటుదమనుకొంటిమి. మరుసటి తొలకరికి నాటి, దినదినము నీరు పోసితిమి. ఒక్క మొలకయు రాలేదు. పొరుగున నున్న వృద్ధ రైతు చూచి, “అయ్యగారూ, వాక గింజ దాచుకొనేది కాదండి. పండు పిసికిన నాడే నాటాలి” అనెను.

ఆ ఏడు ఆలాగే చేసితిమి. గుజ్జు కడిగి, తడి ఆరకమునుపే కుండలో అర అంగుళము లోతున నాటితిమి. కొన్ని వారములకు మొలకలు లేచెను. వాక నీరు నిలిచిన చోట బ్రదుకదు. తాడేపల్లిగూడెము వైపు మెట్టనేలలో దానికి బెడద లేదు. కొల్లేటి దాపున నున్న నల్లరేగడిలోనైతే మట్టి దిబ్బ పోసి ఎత్తున నాటవలెను. మొక్క మూడు నాలుగేండ్లకు కాయును. వెంకట్రామన్నగూడెములో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. అక్కడి పండితులు సాగు నేర్పగలరు గాని, గింజలో ప్రాణము పెట్టువాడు దేవుడే.

అయితే మేము వ్రాయదలచినది గింజను గూర్చి మాత్రమే కాదు. ఆ పొట్లము అటకమీద నున్న దినములలోనే, సహోదరునితో సమాధానపడుటను గూర్చి మేము ఒక ఆదివారము బోధించితిమి. గట్టు తగవు వలన మా బంధువొకరితో మూడేండ్లుగా మాకు మాటలు లేవు. ఆ దినమున మా మనస్సే మెత్తబడెను. సార్వా కోతలు కాగానే వెళ్లుదమనుకొంటిమి. ఆయన ఆ కోతలు చూడలేదు. ఆయన సమాధియొద్ద నిలిచినప్పుడు, ఇతరులకు పంచిన వాక్యమును మేమే ఎండబెట్టి దాచితిమని తెలిసికొంటిమి.

ప్రియులారా, వాక్యమును విని మెచ్చుకొనుట వేరు, విన్న దినముననే దానికి లోబడుట వేరు. రేపటికి దాచిన విధేయత అటకమీది గింజ వంటిదే. అయినను ప్రభువు కనికరము గలవాడు. ఏటేట పొదకు క్రొత్త పండ్లిచ్చునట్లు, మనకు మరల తరుణమిచ్చుచున్నాడు. మేము ఆ బంధువు కుమారులయొద్దకు వెళ్లి మా తప్పు ఒప్పుకొంటిమి. తగవు పడిన గట్టుమీద, ఎత్తైన చోట, వారును మేమును కలిసి మా వాక మొక్కలను నాటితిమి. తండ్రికి చెప్పవలసిన మాట మాత్రము మాలోనే మిగిలిపోయినది.

మీలో ఎవరికైనను ఇట్టి మాట మిగిలియున్నయెడల, ఈ పత్రిక మడిచి, ప్రొద్దు గూకకమునుపే వెళ్లుడి.

ప్రభువా, నీ వాక్యము మాలో ఎండిపోకమునుపే దానికి లోబడు హృదయము మాకు దయచేయుము. ఆమేన్.