కుందేలుకు కాస్త పచ్చిక

మీ ఇంట్లో కుందేలు ఉంటే, దాన్ని పెరట్లోకి వదలడానికి పొద్దుటి పూటే మంచి వేళ. తెల్లవారుజామున, సందెవేళ అది సహజంగానే చురుగ్గా ఉంటుంది. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంటి వేడి ఎక్కువగా చెవుల్లోంచే బయటికి పోవాలి. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం ఉంటుంది. మన వేసవిలో పొద్దెక్కగానే ఆ వేడి వచ్చేస్తుంది కదా! అందుకే నీడ, నీళ్లు ఉండి తీరాలి.

గరిక దానికి మేలైన మేత. కానీ పురుగుమందు చల్లిన చోట మేయనివ్వకండి. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు దాని నోటికి అందకూడదు. మనం అందానికి పెంచుకునే గన్నేరు ఆకు దానికి ప్రాణాంతకం.

పచ్చిక మీద కుందేలు ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పుతుంది. అది పట్టలేని సంతోషం. ఇనుప బోనులోనే బతుకంతా గడిపే కుందేలుకు ఆ గెంతు దక్కదు. నాకు అది నిజంగా అన్యాయమనిపిస్తుంది.

కుందేలు నేల తవ్వుతుంది కాబట్టి కంచె వలను అడుగు లోతున పాతండి. గద్దలు, పిల్లులు రాకుండా పైన కూడా వల కప్పండి. కుక్క దూరంనుంచి మొరిగినా కుందేలు బెదిరిపోతుంది, ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు. దూరి దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఉంచి, మనిషి పక్కనే ఉండాలి.

లోపలికి తెచ్చేటప్పుడు చెవులు పట్టి ఎత్తకండి. ఒక చెయ్యి ఛాతీ కింద, మరో చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టండి. గింజుకుంటే దాని వెన్నెముక విరిగిపోగలదు.