పోయింది చిన్న ఐకాన్ల వరుసే, మరి కోపం ఎందుకింత?



ఈసారి మనం మాట్లాడుకునే ప్రశ్న చాలా చిన్నది. పైకి చూస్తే ఆధ్యాత్మికానికి సంబంధమే లేదనిపిస్తుంది. కంప్యూటర్ అప్‌గ్రేడ్ అయింది. పొద్దున్నే ఆన్ చేస్తే స్క్రీన్ అంతా కొత్తగా మెరిసిపోతోంది. ఫైళ్లు ఉన్నాయి, ఫొటోలు ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. కానీ కింద ఎడమవైపు ఎప్పుడూ ఉండే ఆ చిన్న చిన్న ఐకాన్ల వరుస లేదు. చెయ్యి మాత్రం అలవాటుగా అక్కడికే వెళ్తుంది. ఖాళీ చోట క్లిక్ చేస్తుంది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. పదకొండోసారికి కోపం వస్తుంది. ఆ కోపం కంప్యూటర్ దగ్గర ఆగదు కదా! పక్క సీట్లో ఉన్నవాళ్ల మీదకో, అప్పుడే టీ తెచ్చిన అమ్మ మీదకో వెళ్తుంది.

వేరే దారిలో వెళ్తే రెండు సెకన్ల పని. మరి అంత కోపం ఎక్కడి నుంచి వచ్చింది? ఇది మొదటి ప్రశ్న. రెండోది ఇంకొంచెం కష్టమైనది. ఆ బాధపడేవాళ్లకు "మార్పు సహజం, మమకారం వదిలెయ్యి" అని చెప్పేస్తే సరిపోతుందా?

అసలు ఏం పోయింది?

ముందు విషయం తెలుసుకుందాం. ఆ ఐకాన్ల వరుస పేరు క్విక్ లాంచ్. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు వచ్చింది, విండోస్ 98లో అందరికీ అలవాటైంది. రోజూ వాడే ప్రోగ్రాములను టాస్క్‌బార్ మీద పెట్టుకుని ఒక్క క్లిక్‌తో తెరవడం దాని పని. 2009లో విండోస్ 7 వచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టి, ఐకాన్లను టాస్క్‌బార్‌కే పిన్ చేసుకునే పద్ధతి తెచ్చారు. అయినా కావాలనుకున్నవాళ్లు టూల్‌బార్ల మెనూలోకి వెళ్లి పాతదాన్ని మళ్లీ తెచ్చుకునేవాళ్లు. విండోస్ 10 దాకా ఆ దారి తెరిచే ఉంది. ఆఫీసు ఫోల్డర్లను కూడా అలాగే టూల్‌బార్‌గా పెట్టుకుని, ఫైలు మీద ఫైలు తెరుస్తూ రోజంతా పని చేసినవాళ్లు ఎంతోమంది.

2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చింది. టాస్క్‌బార్‌ను కొత్తగా కట్టారు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పాత ఇంట్లోని ప్రతి అల్మరా, ప్రతి గూడు మళ్లీ కట్టాల్సిందే కదా. అన్నీ కట్టలేదు. టూల్‌బార్ల మెనూ లేదు. టాస్క్‌బార్‌ను స్క్రీన్ పైకో పక్కకో జరుపుకునే వీలు అప్పుడు లేకుండా పోయింది. తెరిచిన కిటికీల పేర్లు విడివిడిగా కనిపించే సౌకర్యం కూడా అప్పుడు పోయింది, 2023లో తిరిగి వచ్చింది. "నాకు పాతదే బాగుంది" అని విండోస్ 10 లోనే ఉండిపోయినవాళ్లకు 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అంటే చాలామంది ఇష్టపడి మారలేదు, మారక తప్పక మారారు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మనం మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

చెయ్యికి వేరే జ్ఞాపకం ఉంటుంది

"ఐకాన్ ఇప్పుడు మధ్యలో ఉంది" అని బుద్ధికి మొదటి రోజే తెలిసిపోయింది. అయినా చెయ్యి వారం దాకా పాత మూలకే వెళ్తుంది. తెలిసినా ఎందుకు మారదు?

దీనికి సమాధానం చెప్పే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛ వ్యాధి తగ్గడానికి 1953లో మెదడుకు శస్త్రచికిత్స చేశారు. ఆ తర్వాత ఆయనకు కొత్త జ్ఞాపకాలు నిలవడం మానేశాయి. నిన్న కలిసినవాళ్లు ఈరోజు కొత్తవాళ్లే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనతో ఒక పని చేయించారు. అద్దంలో మాత్రమే చూస్తూ, కాగితం మీద ఉన్న నక్షత్రం అంచుల మధ్య గీత గీయాలి. ప్రయత్నించి చూడండి, చాలా కష్టం. మూడు రోజుల్లో ఆయన చెయ్యి ఆ పని చక్కగా నేర్చేసుకుంది. కానీ ఆ పని ముందెప్పుడూ చేసినట్టే ఆయనకు గుర్తు లేదు! మనసుకు తెలియదు, చెయ్యికి తెలుసు.

మన పెద్దలు "సంస్కారం" అన్న మాట వాడారు. మనం ఇప్పుడు దాన్ని మర్యాద అనే అర్థంలో ఎక్కువ వాడుతున్నాం. యోగశాస్త్రంలో దాని అర్థం వేరు. చేసిన ప్రతి పనీ లోపల ఒక ముద్ర వేసి వెళ్తుంది. అదే పని మళ్లీ మళ్లీ చేస్తే ఆ ముద్ర లోతవుతుంది, బండి చక్రాలు తిరిగి తిరిగి మట్టి రోడ్డు మీద గాడి పడ్డట్టు. ఆ తర్వాత బండి తోలక్కర్లేదు, గాడే తీసుకెళ్తుంది. ఇది మంచిదే. ఐకాన్ ఎక్కడుందో ఆలోచించక్కర్లేదు కాబట్టే మనసు అసలు పని మీద ఉంటుంది. జపమాల తిప్పే వేళ్లు పూసలు లెక్కపెట్టుకుంటూ పోతే మనసు నామం మీద ఉండగలగడం కూడా ఇలాంటిదే.

ఇప్పుడు గాడి చెరిపేశారు. బండి కుదుపుతుంది. ఇన్నాళ్లూ చెయ్యి మోసిన బరువు ఒక్కసారిగా మనసు మీద పడింది. ఆ కుదుపుకి వచ్చే చిరాకు తప్పేమీ కాదు, అది శరీర ధర్మం. ఎండలో నడిస్తే చెమట పట్టినట్టే.

చిరాకు నుంచి కోపం దాకా

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ఒక మెట్ల వరుస చెప్పాడు. ఒక విషయాన్ని అదే పనిగా తలుచుకుంటే దానితో సంగం ఏర్పడుతుంది. సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, దాని నుంచి జ్ఞాపకం చెదరడం, చివరికి బుద్ధి చెడడం. సాధారణంగా ఈ మాటలు వినగానే మనకు పెద్ద పెద్ద విషయాలు గుర్తొస్తాయి. డబ్బు, పదవి, ప్రేమ. కానీ మెట్లు చిన్న విషయానికైనా ఒకటే.

గమనించండి. క్లిక్ తప్పింది, అది కుదుపు. "అయ్యో, అక్కడ లేదు కదా" అనుకుని పక్కకు వెళ్తే అక్కడితో అయిపోయింది. కానీ మనం అలా వెళ్లం. "ఎవడు చెప్పాడు వీళ్లని మార్చమని? బాగున్నదాన్ని ఎందుకు పాడు చేస్తారు?" అని తలుచుకుంటూ కూర్చుంటాం. చేతిలో పని పోతుంది. అసలు ఏ ఫైలు కోసం వచ్చామో మర్చిపోతాం. జ్ఞాపకం చెదరడం అంటే ఇదే కదా! ఆ తర్వాత అమ్మ మీద అరుస్తాం. రెండు సెకన్ల నష్టం రెండు గంటల మౌనంగా మారుతుంది.

కుదుపు మన చేతిలో లేదు. దాన్ని తలుచుకుంటూ పెంచడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇంకో విషయం. "నా టాస్క్‌బార్" అంటాం. నిజానికి సాఫ్ట్‌వేర్‌ని మనకు అమ్మరు, వాడుకోవడానికి లైసెన్స్ మాత్రమే ఇస్తారు. మనం చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కే పత్రంలో ఆ మాటే ఉంటుంది. అద్దె ఇంటి గోడకి మేకులు కొట్టి, బొమ్మలు తగిలించి, సొంత ఇల్లనుకున్నట్టుంది మన సంగతి. శరీరం గురించి, సంపద గురించి వేదాంతం చెప్పేది ఇదే. ఉన్నన్నాళ్లు వాడుకో, శుభ్రంగా వాడుకో, కానీ నీ పేరు రాసుకోకు.

వైరాగ్యం ఎవరికి చెప్పాలి?

ఇక్కడి వరకూ వచ్చి ఆపేస్తే వ్యాసం సుఖంగా ముగుస్తుంది. కానీ అలా ఆపితే అన్యాయం చేసినవాళ్లం అవుతాం. ఎందుకంటే అందరికీ పోయింది రెండు సెకన్లే కాదు.

మన తెలుగు డీటీపీ ఆపరేటర్లను తలుచుకోండి. పెళ్లి శుభలేఖలు, పంచాంగాలు, వ్రత పుస్తకాలు, ఇవన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఏళ్ల తరబడి కూర్చినవాళ్లు. తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయో కీబోర్డు చూడకుండానే వాళ్ల వేళ్లకు తెలుసు. వాళ్లలో ఒకరు యాభై ఏళ్ల వయసులో యూనికోడ్‌కి, ఇంకో కీబోర్డు అమరికకి మారాల్సి వస్తే పోయేది సౌకర్యం కాదు. వేగం పోతుంది. వేగంతో పాటు రోజు కూలి తగ్గుతుంది. "ఈయన భలే ఫాస్ట్" అన్న పేరు కూడా పోతుంది. అలాగే నెలాఖరున లెక్కలు తేల్చాల్సిన అకౌంటెంట్, చూపు మందగించిన రిటైర్డ్ మాస్టారు, మౌస్ పట్టుకోవడమే ఈ మధ్య నేర్చుకున్న మన ఇంటి పెద్దవాళ్లు. పాతికేళ్ల కుర్రాడికి అరపూటలో అలవాటయ్యేది వాళ్లకు నెలలు పట్టచ్చు. కొందరు "ఇక నావల్ల కాదు" అని కంప్యూటర్ ముట్టుకోవడమే మానేస్తారు.

అలాంటివాళ్లకి "మమకారం వదిలెయ్యండి అంకుల్" అని చెప్పడం వైరాగ్యం కాదు. అది మన తొందర, కాస్త నిర్దయ కూడా.

రామాయణం ఇక్కడ మనకు దారి చూపిస్తుంది. పట్టాభిషేకం ఆగిపోయి అడవికి వెళ్లమన్నప్పుడు రాముడు తన నష్టాన్ని శాంతంగా తీసుకున్నాడు. లక్ష్మణుడు మండిపడితే సముదాయించాడు. అదే రాముడు దండకారణ్యంలో మునులు వచ్చి రాక్షసుల వల్ల పడుతున్న బాధలు చెప్పుకుంటే "ఓర్చుకోండి, అంతా మాయ" అనలేదు. కాపాడతానని మాట ఇచ్చాడు. నష్టం తనదైతే ఓర్పు, ఎదుటివాళ్లదైతే బాధ్యత. మనం చాలాసార్లు దీన్ని తిరగేస్తాం. మన ఐకాన్ పోతే ఊరంతా గోల చేస్తాం, నాన్న ఐకాన్ పోతే వేదాంతం చెప్తాం.

వైరాగ్యం మనకు మనం వేసుకోవాల్సిన మందు. ఇంకొకరికి చీటీ రాసిచ్చేది కాదు.

మార్చేవాళ్లలో మనమూ ఉన్నాం

ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉంటారు. యాప్‌లో ఒక బటన్ ఎడమ నుంచి కుడికి జరపాలన్న నిర్ణయం ఎక్కడో ఒక మీటింగులో మన ముందుకే వస్తుంది. "దీన్ని వాడేవాళ్లు తక్కువే, తీసేద్దాం" అంటారు. లెక్క నిజమే కావచ్చు. కానీ ఆ తక్కువమందిలో ప్రతి ఒక్కరికీ అది రోజూ వాడే దారి.

మార్చడం పాపం కాదు. గుడి గోపురాలకే జీర్ణోద్ధారణ చేస్తాం. కానీ అప్పుడు కూడా పూజ ఆగకుండా బాలాలయం కట్టి, మూర్తిని అక్కడికి తీసుకెళ్లి, ఆ తర్వాతే పాతదాన్ని ముట్టుకుంటాం. యాదాద్రిలో అలాగే జరిగింది. నారసింహస్వామి బాలాలయంలో ఏళ్ల పాటు పూజలు అందుకున్నాడు, 2022 మార్చిలో కొత్త ఆలయం తెరుచుకున్నాక ప్రధానాలయ దర్శనాలు మళ్లీ మొదలయ్యాయి. పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒక నీడ కట్టడం మన సంప్రదాయానికి తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో కూడా అది సాధ్యమే. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేశారు. జనం ఇబ్బంది పడ్డారు, అడిగారు. 2013లో 8.1తో అది తిరిగి వచ్చింది. అంటే మర్యాదగా, స్పష్టంగా అడగడం కూడా ధర్మమే. ఓర్పు అంటే నోరు మూసుకోవడం కాదు.

ఈ వారం చేసి చూద్దాం

మొదటిది, ఖాళీ చోట క్లిక్ పడిన ప్రతిసారీ ఒక్క శ్వాస తీసుకోండి. "ఇది కుదుపు, కోపం కాదు" అని లోపల అనుకోండి. మొదటి మెట్టు మీదే ఆగడం నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైన సాధన దొరకదు. పెద్ద నష్టం వచ్చిన రోజు ఈ అభ్యాసమే పనికొస్తుంది.

రెండోది, కొత్త గాడి వేసుకోండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టాస్క్‌బార్ ఐకాన్లను మళ్లీ ఎడమవైపుకి జరుపుకోవచ్చు. రోజూ వాడేవి పిన్ చేసుకుని విండోస్ మీట, దానితో పాటు 1, 2, 3 అంకెలు నొక్కితే అదే వరుసలో అవి తెరుచుకుంటాయి. మనసును పట్టడం గాలిని పట్టడంలా కష్టమని అర్జునుడు అంటే, అభ్యాసంతో, వైరాగ్యంతో సాధ్యమేనన్నాడు కృష్ణుడు. రెండూ చెప్పాడు చూడండి. వైరాగ్యం పాతదాన్ని వదలడానికి, అభ్యాసం కొత్తది నేర్చుకోవడానికి. ఒకటి లేకుండా రెండోది నిలవదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంట్లో అమ్మకో నాన్నకో, ఆఫీసులో పెద్దాయనకో ఈ మార్పు కష్టంగా ఉంటే పక్కన కూర్చోండి. మౌస్ వాళ్ల చేతిలోంచి లాక్కోకండి. వాళ్ల చేతితోనే చేయించండి. నాలుగోసారి అడిగినా మొదటిసారి చెప్పినట్టే చెప్పండి. మనకు అక్షరాలు దిద్దించిన రోజుల్లో "అ" ఎన్నిసార్లు తప్పు రాశామో వాళ్లు లెక్కపెట్టలేదు.

శుభం.